మెయిల్స్ వస్తున్నాయి, పోవట్లేదు!

ప్రశ్న: నెట్ కనెక్షన్ మార్చిన దగ్గర్నుంచి షాపు కంప్యూటర్లో మెయిల్స్ వస్తున్నాయి గానీ, నేను పంపే బిల్లులు అవుట్‌బాక్స్‌లోనే ఉండిపోతున్నాయండీ. పాస్‌వర్డ్ సరైనదే. టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: పాస్‌వర్డ్ జోలికి వెళ్లకండి. మెయిల్ సెట్టింగ్స్‌లో అవుట్‌గోయింగ్ సర్వర్ పక్కన పోర్టు (మెయిల్ వెళ్లే దారి నంబరు) 25 అని ఉందేమో చూడండి, చాలావరకు చిక్కంతా అక్కడే. వైరస్ పట్టిన కంప్యూటర్లు, యజమానికి తెలియకుండానే, ఆ దారిలో కుప్పలుతెప్పలుగా స్పామ్ పంపేస్తుంటాయి కాబట్టి చాలా నెట్ కంపెనీలు దాన్ని మూసేస్తాయి. వచ్చే మెయిల్స్ దారి వేరు, అందుకే వాటికేమీ కాలేదు. 25 తీసేసి 587 పెట్టి, స్టార్ట్‌టీఎల్ఎస్ (మెయిల్‌ను దారిలో ఎవరూ చదవకుండా కాపాడే పద్ధతి) ఎంచుకోండి. కుదరకపోతే 465 పెట్టి, అలాంటి పద్ధతే అయిన ఎస్ఎస్ఎల్ ఎంచుకోండి. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ చూశాకే పంపనిచ్చే దారులివి, మామూలుగా వీటిని మూయరు. స్పామ్‌ను ఆపడం మంచిదే, కానీ కనెక్షన్ ఇచ్చేటప్పుడే ఆ ఒక్క మాట చెప్పాలి కదా!