సాఫ్ట్‌వేర్ వద్దు, యాంటెన్నాలే అంటున్న అమ్మాయి

ప్రశ్న: మా అమ్మాయి ఈసీఈ మూడో ఏడాది. క్లాసులో అందరూ కోడింగ్ కోచింగులకు వెళ్తుంటే తను మిల్లీమీటర్ వేవ్ మల్టీబీమ్ యాంటెన్నాల్లో ఎంటెక్ చేస్తానంటోంది. నేను ఆర్టీసీ కండక్టర్ని. ఈ చదువుకి ఉద్యోగాలుంటాయా?
- ఒక తండ్రి, నరసరావుపేట

జవాబు: ఉంటాయండీ. కాకపోతే ఒట్టి బీటెక్‌తో దొరకడం కష్టం, ఎంటెక్ దాకా ఓపిక పట్టాలి. ముందు అమ్మాయి దేని గురించి మాట్లాడుతోందో చెప్తాను.

తిరుపతి దగ్గర గాదంకిలో వాతావరణాన్ని గమనించే రాడార్ ఒకటుంది. 53 మెగాహెర్ట్జ్ మీద నడుస్తుంది. 130 మీటర్ల పొడవు, అంతే వెడల్పున్న మైదానం నిండా 1024 యాంటెన్నాలు పాతారు. ఏదీ కదలదు. ఒక్కోదానికి అందే తరంగాన్ని కాస్త ముందువెనకలు చేస్తే చాలు, బీమ్ (ఒక దిక్కుకి సాగే తరంగాల ధార) పక్కకి వాలుతుంది. అవే 1024ని 26 గిగాహెర్ట్జ్‌కి కడితే జానెడు పలకలో పట్టేస్తాయి, అక్కడ తరంగం పొడవు పదకొండున్నర మిల్లీమీటర్లే మరి. మిల్లీమీటర్ వేవ్ అనేది అందుకే. ఇంత చిన్న తరంగాలకి గోడ అడ్డొస్తే కష్టం, దూరం వెళ్లే ఓపికా తక్కువ. అందుకని శక్తినంతా సన్నని బీమ్‌లోకి పోగుచేస్తారు. బీమ్ సన్నబడితే అటువైపు ఉన్నవాళ్లకే అందుతుంది. మిగతావాళ్ల కోసం ఒకే పలక నుంచి ఒకేసారి నాలుగైదు బీమ్‌లు పంపడమే మల్టీబీమ్.

రాత్రి భోజనాల దగ్గర ఒక ప్రశ్న వేయండి: “నాలుగు యాంటెన్నాలకి బట్లర్ మాట్రిక్స్ కడితే బీమ్‌లు ఏ కోణాల్లో వస్తాయమ్మా?” బట్లర్ మాట్రిక్స్ అంటే ఏ ద్వారంలో సిగ్నల్ ఇస్తే దానికి తగ్గ దిక్కుకి బీమ్ పంపే సర్క్యూట్. యాంటెన్నాల మధ్య అర తరంగం ఎడం ఉంటే అటూ ఇటూ 14.5, 48.6 డిగ్రీలు రావాలి. కాగితం తెచ్చుకుని వేసి చూపిస్తే ఇష్టం నిజమే. “సాఫ్ట్‌వేర్ చెప్తుంది నాన్నా” అంటే మాత్రం ఎంటెక్‌కి తొందరపడకండి.

ఫైనలియర్ ప్రాజెక్టు గురించి గట్టిగానే చెప్తాను. 28 గిగాహెర్ట్జ్ అని పేరు పెట్టి, రంగురంగుల సిమ్యులేషన్ బొమ్మలతో బైండు చేసిన రిపోర్టులు డబ్బులిస్తే దొరుకుతాయి. కొనొద్దు. “చేసి కొలిచావా?” అని ఇంటర్వ్యూలో అడగ్గానే బండారం బయటపడుతుంది. అదే మాట్రిక్స్‌ని 2.4 గిగాహెర్ట్జ్‌కి, మామూలు సర్క్యూట్ బోర్డు (ఎఫ్ఆర్4) మీద చేయమనండి. పవర్‌ని రెండుగా పంచే హైబ్రిడ్ కప్లర్లు నాలుగు, దారులు ఒకదాన్నొకటి దాటే క్రాసోవర్లు రెండు, తరంగాన్ని కాస్త వెనక్కి నెట్టే 45 డిగ్రీల ఫేజ్ లైన్లు రెండు, అంతే. హెచ్ఎఫ్ఎస్ఎస్ అనే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ స్టూడెంట్ వెర్షన్ ఉచితం, ఒక్కో కప్లర్‌ని విడిగా చూసుకోవడానికి అది చాలు. కనెక్టర్లు సోల్డర్ చేసి, నెట్‌వర్క్ ఎనలైజర్ (ఇలాంటి సర్క్యూట్లని కొలిచే పరికరం) ఉన్న ల్యాబ్‌కి పట్టుకెళ్లి కొలవాలి. లెక్కకీ కొలతకీ తేడా తప్పకుండా వస్తుంది. ఎందుకొచ్చిందో చెప్పగలిగిన పిల్లలనే ఈ రంగం తీసుకుంటుంది. ఎఫ్ఆర్4 మీద 28కి చేస్తానంటే ఆపండి: సెంటీమీటరుకి దాదాపు ఒక డీబీ (డెసిబెల్, నష్టాన్ని కొలిచే లెక్క) బోర్డే మింగేస్తుంది, మూడు సెంటీమీటర్లు దాటేసరికి సగం పవర్ వేడైపోతుంది.

ఇక ఉద్యోగాలు. 5జీనొక్కదాన్నే నమ్ముకోవద్దు. 26 గిగాహెర్ట్జ్ బ్యాండ్ 2022 వేలంలోనే అమ్ముడైనా, మన ఫోన్లలో 5జీ ఎక్కువగా నడిచేది 3.5 గిగాహెర్ట్జ్ దగ్గరే. అసలు గిరాకీ రాడార్లు, ఉపగ్రహాల వైపు ఉంది. 2018లో పంపిన మన సమాచార ఉపగ్రహం జీశాట్-11 మీద యూజర్ బీమ్‌లే 32. హైదరాబాదులో డీఆర్డీవో ల్యాబ్ డీఎల్ఆర్ఎల్, ప్రభుత్వ సంస్థ ఈసీఐఎల్, ప్రైవేటు కంపెనీ అస్త్రా మైక్రోవేవ్, బెంగళూరులో డీఆర్డీవో వారి రాడార్ ల్యాబ్ ఎల్ఆర్‌డీఈ, అహ్మదాబాదులో ఇస్రో వారి శాక్ (స్పేస్ అప్లికేషన్స్ సెంటర్) ఇలాంటి పని చేసేవే. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నన్ని ఖాళీలు మాత్రం ఉండవు, ఇది దాచను.

గేట్ (ఎంటెక్ ప్రవేశ పరీక్ష) తో ఎంటెక్ సీటొస్తే నెలకి 12,400 స్టైపెండ్ ఉంటుంది, మెస్సు ఖర్చు మీ మీద పెద్దగా పడదు. గేట్ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. ఐఐటీలతో పాటు ఉస్మానియాలో మైక్రోవేవ్, రాడార్ ఎంఈ కూడా చూడండి. కోడింగ్ పూర్తిగా మానేయనివ్వకండి, ఈ పనిలోనూ రోజూ పైథానో మాట్‌లాబో వాడాల్సిందే.

అమ్మాయి ఆ కోణాలు వేసిన కాగితం ఫొటో తీసి పంపండి. అది చూశాక కాలేజీల జాబితా కూర్చుని రాసుకుందాం.