రోడ్డు పక్క హోటలును పెద్దది చేయబోతున్న అల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ప్లాను, మెనూ చూశాను. గుత్తి దగ్గర బావ వేసిన పాక హోటలును మంచి రెస్టారెంటుగా మార్చాలన్న నీ పట్టుదల నాకు సంతోషం కలిగించింది. కానీ ప్లాను అంతా వెతికినా లారీ నిలిపే చోటు కనిపించలేదు. రాత్రంతా అదే మనసులో మెదిలింది.

నీకు ముర్తల్ సంగతి చెప్పాలి. ఢిల్లీ నుంచి పానిపట్టు వెళ్లే దారిలో, సుమారు 50 కిలోమీటర్ల దూరంలో, హర్యానాలోని సోనీపత్ జిల్లాలో ఉంటుంది. 1956లో సర్దార్ ప్రకాశ్ సింగ్ లారీ డ్రైవర్ల కోసం అక్కడ చిన్న ధాబా పెట్టారు. ఆయన కొడుకులు అమ్రీక్, సుఖ్‌దేవ్. వాళ్ల పేర్లతోనే ఇప్పుడా హోటలు దేశమంతటా తెలుసు.

నేను లారీ తోలే రోజుల్లో, అనంతపురం చీనీకాయలు ఢిల్లీ ఆజాద్‌పూర్ మండీలో దించి, దుప్పట్ల లోడు కోసం పానిపట్టు వెళ్లేటప్పుడు మేము ముర్తల్‌లో ఆగేవాళ్లం. మంచం మీద అడ్డంగా ఒక చెక్క పలక వేసేవారు. అదే మాకు బల్ల. తందూరులోంచి తీసిన ఆలూ పరాఠా మీద తెల్లవెన్న ముద్ద పెట్టేవారు. చేతులు కడుక్కుని వచ్చేసరికి అది కరిగి అంచుల దాకా జారి ఉండేది. తిన్నాక అదే మంచం మీద ఒక కునుకు తీస్తే ఎవరూ లేపేవారు కాదు.

ఇప్పుడక్కడ పెద్ద భవనం, ఏసీ హాలు ఉన్నాయి. ఢిల్లీ నుంచి కుటుంబాలు పరాఠా కోసమే కార్లలో వస్తాయి. అర్ధరాత్రి వెళ్లినా పొయ్యి వెలుగుతూనే ఉంటుంది. అంత పెరిగినా శాకాహారం విడిచిపెట్టలేదు, పరాఠానూ వెన్ననూ వెనక్కి నెట్టలేదు. డ్రైవర్లకు నచ్చిన రుచి కోసమే కార్లవాళ్లూ ఆగారు. నా దృష్టిలో ఆ హోటలు బలమంతా అక్కడే ఉంది.

నీ మెనూ పన్నెండు పేజీలుంది. అందులో ఉగ్గాని బజ్జీ చివరి పేజీలో, చిన్న అక్షరాల్లో ఉంది! బావ పేరు నిలిపింది ఆ ఉగ్గానే కదా. దాన్ని మొదటికి తీసుకురా. రాగి సంగటి, పల్లీల చట్నీ పక్కన చేర్చు. నూడుల్స్ కోసం మన ఊరి రోడ్డు మీద ఎవరూ బండి ఆపరు.

పాతది కూలగొట్టి కట్టకు, పక్కన కట్టు. కర్నూలు దారిలో ఒక హోటలు కొత్త భవనం కోసం ఏడాది మూసేశారు. మేమంతా మరో చోటికి అలవాటు పడ్డాం. భవనం అందంగా తయారైంది, కానీ మళ్లీ అటువైపు బండి తిప్పినవాళ్లు తక్కువ.

మరుగుదొడ్లకు పెట్టే ఖర్చులో వెనకాడకు. కుటుంబంతో వచ్చేవాళ్లు ముందు చూసేది అదే. డ్రైవర్లకు విడిగా నీళ్ల తొట్టి, స్నానానికి చోటు ఉండాలి. అప్పు చేసే ముందు జాతీయ రహదారుల సంస్థ దగ్గరికి వెళ్లి, సర్వీసు రోడ్డు ఎక్కడ పడుతుందో కనుక్కో. రోడ్డులోంచి హోటలుకు దారి పెట్టుకోవడానికి వాళ్ల అనుమతి కూడా కావాలి. బైపాస్ పడి బండ్లు అటు మళ్లాక ఎంత మంచి వంటైనా చల్లారిపోతుంది.

ఇంకొక మాట. అప్పట్లో ముర్తల్ రోడ్డు నంబరు 1, మనది 7. ఇప్పుడు రెండూ శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా వెళ్లే 44లో కలిసిపోయాయి. ఆ రోడ్డు మీదే వెళ్లి రెండు రోజులు అక్కడ కూర్చుని చూసి రా. వంటగదిలోంచి పళ్లెం ఎంతసేపట్లో బయటికి వస్తుందో గడియారం పెట్టి చూడు.

ముందున్న వేపచెట్టును మాత్రం కొట్టించకు. కార్తీకంలో వస్తాను. దాని కిందే ఉగ్గాని తింటూ ప్లానులో లారీలకు చోటు గీద్దాం.

మీ మామయ్య