టెస్టు పోయిందని దారి మార్చాలా?

ప్రశ్న: మాది టంగుటూరు దగ్గర పల్లె, పొగాకు వేస్తాం. మా అమ్మాయి బీటెక్ కంప్యూటర్స్ మూడో సంవత్సరం. కాలేజీ కోడింగ్ టెస్టులో అర్రేని (విలువల వరుసని) సార్ట్ చేసి, అంటే చిన్నదాని నుంచి పెద్దదానికి పేర్చి, ఏ విలువ మొదట ఏ స్థానంలో ఉండేదో చెప్పమంటే తప్పు చేసింది. ఆ రాత్రే ఫోన్‌లో ‘పక్కింటి అబ్బాయి హైదరాబాద్ వెళ్లాడు, నువ్వేమో ఇలా’ అని తిట్టాను. కోడింగ్ మాన్పించి అమీర్‌పేటలో లక్ష రూపాయల ఏఐ కోర్సులో చేర్చమంటారా? తను రాసిన కోడ్ పంపుతున్నాను.

జవాబు: మీ అసలు భయం కోర్సు గురించి కాదు, ‘మా పిల్ల ఈ చదువుకు పనికిరాదేమో’ అని. పనికొస్తుంది. కోడ్ చూశాకే చెబుతున్నాను.

ఈ లెక్క మీకూ తెలిసిందే. వేలం కేంద్రంలో పొగాకు బేళ్లను ఎటు జరిపినా చీటీ ఉంటుంది కనుక ఏది ఎవరిదో తెలుస్తుంది. 240, 210, 230, 210 అనే విలువలకు స్థానాలు 0, 1, 2, 3 అనుకోండి. ఆ స్థానం సంఖ్యే ఇక్కడ చీటీ. అమ్మాయి ముందు విలువలను సార్ట్ చేసి, తర్వాత ఒక్కొక్కటీ పాత అర్రేలో ఎక్కడుందో వెతికింది. రెండు 210లకూ మొదటిదే దొరికింది. 1, 3, 2, 0 రావాల్సిన చోట 1, 1, 2, 0 వచ్చింది. విలువలను కదపకుండా, స్థానాల సంఖ్యలనే వాటి విలువలను బట్టి సార్ట్ చేస్తే సరిపోయేది. సమాన విలువల పాత వరుస పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో చెదరదు. సీ ప్లస్ ప్లస్ అనే భాషలోని మామూలు సార్ట్‌లో ఆ హామీ లేదు, స్టేబుల్ సార్ట్ వాడాలి. రెండు సాయంత్రాలు కూర్చుంటే వచ్చేస్తుంది.

ఇక ఏఐ. ఆ రంగం మీద నాకు అనుమానం లేదు, నాలుగు నెలల్లో ఉద్యోగం అనే మాట మీదే నా అనుమానమంతా. ఏఐ మోడల్ (నేర్చుకున్న ప్రోగ్రామ్) ఒక ఫొటో చూసి పది రకాలకు పది స్కోర్లు ఇస్తుంది. పై మూడు స్కోర్లు ఏ రకాలవో చెప్పాలంటే వాటి స్థానాలు కావాలి. అందుకు పైథాన్‌లో లెక్కలకు వాడే నంపై లైబ్రరీలో, స్థానాలనే వరుసలో ఇచ్చే ఆర్గ్‌సార్ట్ అనే ఫంక్షనే ఉంది. అంటే మీ అమ్మాయి ఇక్కడ తప్పిన ప్రశ్నే లక్ష కట్టాక అక్కడా ఎదురొస్తుంది. అలాంటి కోర్సులు చేసి, ఇంటర్వ్యూలో ‘ఈ లైన్ ఏం చేస్తుంది?’ అంటే నోరు మెదపలేని పిల్లలు ఒంగోలులో నా దగ్గరికి వస్తూనే ఉన్నారు. ఫైనలియర్ అయ్యాక, ఇష్టమైతే అప్పుడు చూద్దాం.

కోపం తెచ్చుకోకండి, ఫోన్‌లో మీరన్న మాట మాత్రం తప్పు. పొగాకు కాల్చే బ్యారన్ మీద అప్పున్న ఇంట్లో టెన్షన్ ఎలా ఉంటుందో నాకు తెలుసు. దాన్ని తెచ్చి పిల్ల నెత్తిన పెడితే ఎలా? ఓడిపోయి వచ్చిన రోజు తనకు కావాల్సింది పక్కింటి అబ్బాయి కబురా? ఈసారి మార్కులు అడక్కండి. బేళ్ల చీటీల సంగతి చెప్పి, ‘నీ కోడ్‌లో చీటీ ఎక్కడ ఊడిపోయిందమ్మా?’ అని అడగండి. తను చెప్పేదాకా ఫోన్ పెట్టేయకండి.