నాటకంలో ‘ఓవరాక్షన్’ అంటే ఏది? ఎట్లా తగ్గించుకోవాలి?

ప్రశ్న: జమ్మలమడుగు దగ్గర మా ఊళ్లో తిరుణాలకు సాంఘిక నాటిక వేస్తాం. పోటీల్లో ఒక జడ్జీ నాకు ‘ఓవరాక్షన్’ అని రాశారు, ఇంకొకాయన ‘కృతకం’ అన్నారు. రెండూ ఒకటేనా? తగ్గించి చేస్తే చప్పగా ఉందంటున్నారు. ఏం చేయాలి?

జవాబు:

రెండూ ఒకటి కాదు తమ్ముడూ. ఒకదానికి వాడాల్సిన మందు ఇంకోదానికి వాడినందుకే చప్పబడింది. ‘ఓవరాక్షన్’ అనే ఒక్క మాట కింద జడ్జీలు నాలుగైదు తప్పులు కలిపి రాసేస్తారు. నీది ఏదో ముందు తేల్చుకోవాలి.

గొంతు అవసరానికి మించి లేస్తే ‘లౌడ్’ అంటారు. సందర్భం అడిగినదానికంటే ఎక్కువ చేస్తే ‘అతి’. లోపల ఏమీ లేకుండా ముఖం, చేతులు మాత్రం కదిలితే ‘కృతకం’. ఈ కృతకం చిన్నగా చేసినా కృతకమే, తగ్గిస్తే పోయేది కాదు. ‘మెలోడ్రామా’ అన్నారంటే చాలాసార్లు తప్పు రచనది. పది నిమిషాల్లో ఒక చావు, ఒక అప్పు, ఒక పెళ్లి ఆగిపోవడం పెడితే ఎవరు చేసినా అట్లే ఉంటుంది.

బయట మనం ‘నాటకాలాడొద్దు’, ‘యాక్షన్ చేస్తాండావా’, ‘వేషాలేయొద్దు’, ‘బిల్డప్ ఇస్తాండాడు’ అంటాం కదా, ఆ మాటలు నోటికి ఎప్పుడొస్తాయో గమనించు. ఎదుటివాడు మనకు చూపించడానికే చేస్తున్నాడని అనిపించినప్పుడు వస్తాయి. స్టేజీ మీద కూడా జనం అతి అనేది సరిగ్గా అక్కడే. పెద్దగా చేయడం తప్పు కాదు. ఎవరికోసం చేస్తున్నావో బయటపడిపోవడమే తప్పు.

నాట్యశాస్త్రమే లోకధర్మి, నాట్యధర్మి అని రెండు పద్ధతులు చెప్పింది. లోకంలో మనుషులు ఉన్నట్టు చేసేది మొదటిది, రంగస్థలం కోసం పెంచి, మలిచి చేసేది రెండోది. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో కీచకవధతో సురభి నాటకం మొదలైనప్పుడు మైకులు లేవు. చివర కూర్చున్న ముసలాయనకు పద్యం వినపడాలంటే ఛాతీ నిండా ఊపిరి పట్టి పాడాల్సిందే, చెయ్యి భుజం పైకి లేవాల్సిందే. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట తోలుబొమ్మలు చూడు. బొమ్మ ముఖం మారదు కాబట్టి కోపం, ఏడుపు అన్నీ గొంతులోనూ చేతుల ఊపులోనూ రావాలి. అక్కడ ఎంత పెద్దదైనా అతి కాదు. అదే ఊపు నీ సాంఘిక నాటికలో, మొదటి వరసకు పది అడుగుల దూరంలో పెడితే అతి అయి కూర్చుంటుంది.

ఒక చిన్న ముక్క తీసుకుని చూద్దాం. నువ్వు రైతువు, పొలంలో నీళ్లకోసం బోరు వేయిస్తున్నావు. కొడుకు లోపలికి వచ్చి, “నాయినా, ఆరొందల అడుగులు పోయినా దుమ్మే లేస్తాంది” అంటాడు. నీ మాట: “పోనీలే. బోరుబండోళ్లకు సంగటి పెట్టించు.”

అతి చేసేవాడు ‘దుమ్మే’ అన్న మాట పూర్తికాకముందే తల పట్టుకుంటాడు. రెండడుగులు వెనక్కి తూలతాడు. జనం వైపు తిరిగి ‘పో... నీ... లే’ అని మూడు ముక్కలు చేసి, ‘సంగటి’ దగ్గర భుజాలు కుదుపుతూ ఏడుస్తాడు. ఇందులో మొదటి తప్పు ఏడుపు కాదు. వార్త వినకముందే స్పందించడం. స్క్రిప్టు నటుడికి తెలుసు, రైతుకు తెలియదు. చాలామంది అతి ఇక్కడే మొదలవుతుంది.

ఇట్లా చెయ్యి. కొడుకు వచ్చేటప్పటికి ఒక పని మీద ఉండు, తువ్వాలు మడుస్తున్నావనుకో. వాడి ఒంటిమీద తెల్లటి దుమ్ము చూడు, చెయ్యి నెమ్మదించనీ. ‘లేస్తాంది’ అన్నదాకా కదలొద్దు. మనసులో ఒకటి, రెండు లెక్కపెట్టు. ‘పోనీలే’ వాడికోసం అను, వాడి కళ్లలోకి చూసి, వాణ్ని ఊరుకోబెట్టడానికి. ఆ తర్వాత తువ్వాలు మడత పూర్తిచేస్తూ, వాడివైపు చూడకుండా ‘బోరుబండోళ్లకు సంగటి పెట్టించు’ అను. ఏడుపు వస్తే ఆపడానికి ప్రయత్నించు. కన్నతండ్రి కొడుకు ముందు దుఃఖం దాచుకుంటాడు. నువ్వు దాచేకొద్దీ జనం వెతుక్కుంటారు, దొరికినప్పుడు వాళ్లకే గొంతు పట్టేస్తుంది. కన్నీరు, గొంతు జీరపోవడం, వణుకు లాంటివాటిని నాట్యశాస్త్రం సాత్త్వికాల్లో, అంటే లోపలి భావం వల్ల ఒంట్లో కలిగే మార్పుల్లో, చేర్చింది. ఇవి మనసు కుదిరితే వచ్చేవి, ముఖ కండరాలతో లాగితే వచ్చేవి కావు.

ఇక చప్పదనం సంగతి. తగ్గించమంటే మనవాళ్లు గొంతుతో పాటు మాట చివరను కూడా మింగేస్తారు. తెలుగులో క్రియ చివర వస్తుంది. ‘నేను రేపు పొద్దున్నే వాళ్ల ఇంటికి...’ దాకా వినపడి, పోతాడో పోడో తెలియకపోతే ఆ డైలాగు చచ్చినట్టే. గొంతు సగానికి దించినా ఒత్తులు, చివరి అక్షరం పూర్తిగా పలకాలి. వాక్యం మధ్యలో ఊపిరి తీయకుండా, ముందే పొట్టలోకి తీసుకుంటే చివరదాకా నిలుస్తుంది.

స్టాండు మైకు ఉంటే మూరెడు దూరంలో నిలబడు. అరిచే మాట ఉంటే అరడుగు వెనక్కి జరిగి అరువు, లేకపోతే స్పీకరు పగిలినట్టు మోగుతుంది. జడ్జీ దాన్ని కూడా నీ నటన ఖాతాలోనే వేస్తాడు.

పద్యాలు కూడా పాడతావేమో, అందుకే ఒక్క మాట. ప్రతి పాదం చివర రాగం తీస్తే మాట రెండుగా విరిగి అర్థం పోతుంది. ముందు పద్యాన్ని వచనంలా చదివి, పదాలు విడదీసి, క్రియ కింద గీత పెట్టుకో. సీసమైతే నాలుగు పాదాలూ మాటకు దగ్గరగా నడిపి, రాగం చివర వచ్చే చిన్న పద్యానికి, అంటే ఎత్తుగీతికి, దాచిపెట్టు. 1880లో తాడిపత్రిలో పుట్టిన రంగస్థల నటుడు బళ్లారి రాఘవ పట్టుబట్టింది కూడా దీనికే, రాగం కంటే భావం ముందుండాలని. ‘ఒన్స్‌మోర్’ వచ్చిందని అదే పద్యాన్ని ఇంకా సాగదీస్తే అంతకుముందు పోగైన బరువంతా పోతుంది.

నాకు బాగా బాధ కలిగించే అతి ఇంకొకటి ఉంది. మన యాసను మనమే సినిమాలో విన్నట్టు పలకడం. కర్నూలు కుర్రాడు కూడా స్టేజీ ఎక్కగానే తొడ కొట్టి, ప్రతి మాటా గుర్రుమంటూ లాగుతాడు. మీ ఇంట్లో మీ జేజి ‘యాడికి పోతాండావ్ రా’ అని ఎంత మామూలుగా అంటుందో విను. అంతే మామూలుగా అను. యాస ఒలికించాల్సిన పని లేదు, నోట్లోనే ఉంది.

సరిచూసుకోవడానికి ఫోను చాలు. జనం కూర్చునే చివరి వరస చోట పెట్టి రిహార్సల్ రికార్డు చెయ్యి. మొదట ముఖం చూడకుండా వినడం ఒకసారి, తర్వాత శబ్దం తీసేసి చూడడం ఒకసారి. శబ్దం లేనప్పుడు ఒకే చేతి కదలిక మళ్లీ మళ్లీ కనపడుతుంది చూడు, అది పాత్రది కాదు, నీ అలవాటు. దాన్ని వదిలించుకోవాలంటే ఒక రిహార్సల్ మొత్తం చేతులు వెనక్కి కట్టుకుని చెయ్యి. ఎక్కడ చెయ్యి ఆగలేక బయటికి రావాలనిపిస్తుందో ఆ చోట్లు స్క్రిప్టులో గుర్తుపెట్టుకో, అక్కడ మాత్రమే ఉంచు. సాంఘికానికి కనుబొమలు నల్లగా దిద్దొద్దు. లైట్ల కింద ఊరికే నిలబడ్డా కోపంగా ఉన్నట్టు కనపడుతుంది.

ఈసారి ఎవరైనా ‘ఓవరాక్షన్’ అని రాస్తే, నాటిక అయ్యాక పోయి ‘ఏ డైలాగు దగ్గర సార్?’ అని అడుగు. ఒక చోటు చెప్పారంటే ఆ మాటకు ముందున్న రెండు మాటలు చూసుకో. నువ్వు తొందరపడి స్పందించింది చాలావరకు అక్కడే దొరుకుతుంది. మొత్తం అట్లే ఉందన్నారంటే గొంతు, మైకు దూరం ముందు సరిచేసుకో, నటనను తర్వాత ముట్టుకో.