గుడి పాట: మీ ప్రశ్నలు, మా జవాబులు

మా విచారణ (పారిష్ చర్చి) గాయక బృందంలో 14 మందిమి. దివ్యబలిపూజలో గ్రెగోరియన్ గానం (తాళం లేకుండా అందరూ ఒకే వరసలో పాడే పాత లాటిన్ గుడి పాట) పాడాలని కోరిక. నొటేషన్ ఎవరికీ రాదు. ఎక్కడ మొదలుపెట్టాలి? (ఒక పాఠకురాలు, గాజువాక)

లాటిన్‌తో కాదు, తెలుగు కీర్తనతోనే (బైబిల్లోని కీర్తనల గ్రంథం నుంచి) మొదలుపెట్టండి. కీర్తనలు పాడడానికి సంప్రదాయంలో ఎనిమిది స్వర వరుసలున్నాయి. వాటిలో ఎనిమిదోది తెలుగు మాటకి చక్కగా అమరుతుంది. హరికాంభోజి రాగం స్వరాలనుకుంటే స రి గ మ ప చాలు.

23వ కీర్తన చూడండి. ‘ప్రభువు నా కాపరి’లో ‘ప్ర’ స, ‘భు’ రి. ‘వు నా’ రెండూ మ మీద నిలకడగా ఉంటాయి. ‘కా’ దగ్గర ప ఎక్కి, ‘పరి’కి మళ్లీ మ. ఇక్కడ అందరూ ఒక ఊపిరంత సేపు ఆగాలి. తర్వాత ‘నాకు ఏ కొదవ లేదు’. ‘నాకు ఏ కొ’ వరకూ మ, ‘ద’ గ, ‘వ’ మ, ‘లే’ రి, ‘దు’ స. మొదట్లో స, రి ఎత్తుకోవడం మొదటి చరణానికే. మిగతావన్నీ నేరుగా మ మీద మొదలవుతాయి. ఏడుగురు ఒక చరణం, ఎదుటి వరుసలో ఏడుగురు తర్వాతి చరణం పాడితే ఎవరికీ ఆయాసం రాదు.

తేడా వచ్చేది చరణం చివర. లాటిన్‌లో స్వరం మారేది ఊనిక పడే అక్షరం దగ్గర. తెలుగులో అంత గట్టి ఊనిక లేదు కాబట్టి దీర్ఘాన్ని పట్టుకోవాలి. పైన ‘కా’ మీద, ‘లే’ మీద మారింది అందుకే. ‘తలచును’ లాంటి హ్రస్వాల మాట చివర వస్తే మార్పును రెండు మూడక్షరాలు వెనక్కి జరపండి. లేకపోతే మాట మధ్యలో విరిగినట్టు వినిపిస్తుంది. ప్రాక్టీసుకి ముందే కాగితం మీద మారే అక్షరాల కింద పెన్సిల్ గీత పెట్టి అందరికీ ఇవ్వండి. 14 మంది తలా ఒక చోట మారిపోవడమే మొదటి నెలలో అసలు కష్టం.

తాళం వెయ్యకండి, రిథమ్ ప్యాడ్ ఆపెయ్యండి. పాఠం చదివే వేగమే పాట వేగం. మాకు ఈ గానంలో అన్నిటికన్నా ప్రియమైనది ఇదే. వాక్యాన్ని రాగం తొక్కెయ్యదు, మోసుకెళుతుంది.

ఇది పట్టుబడ్డాక లాటిన్‌కి రండి. 1974లో పోప్ ఆరవ పౌలు, విచారణలన్నిటికీ పనికొచ్చే తేలికపాటి గానాలను ‘జూబిలాతే దేయో’ అనే చిన్న సంపుటంగా ఇచ్చారు. అందులోని పూజ పాటలు కీరియే (ప్రభువా, దయచూపండి), సాంక్తుస్ (పరిశుద్ధుడు), ఆన్యుస్ దేయి (దేవుని గొర్రెపిల్ల) ముందు నేర్చుకోండి, నెలకొకటి చొప్పున. గ్లోరియా పెద్దది, తొందరపడొద్దు. నాలుగు గీతల మీది చదరపు చుక్కలకి భయపడక్కర్లేదు. గీత మొదట్లోని గుర్తు ‘దో’ లేదా ‘ఫా’ (పాశ్చాత్య స్వరాల పేర్లు) ఎక్కడుందో చెబుతుంది, అంతే. మన షడ్జమంలాగే దాన్ని మీ శృతికి తగ్గట్టు పెట్టుకోవచ్చు.

లాటిన్ పాటలు తెలుగు లిపిలో రాసుకుని పాడుతున్నాం. ఫాదర్ గారు ఉచ్చారణ బాగాలేదంటున్నారు. ఏం దిద్దుకోవాలి? (జ్ఞానాపురం)

ముందుగా చివరి అచ్చు. మనది అజంత భాష కదా, ‘సాంక్తుస్’ని ‘సాంక్తుసు’ అని, ‘దోమినుస్’ని ‘దోమినుసు’ అని తెలియకుండానే సాగదీస్తాం. ‘స్’ దగ్గర పొల్లుతో ఆపాలి, అదీ అందరూ ఒక్కసారే. లేకపోతే గుడంతా పాము బుసలాగా వినిపిస్తుంది. ఇద్దరు మాత్రమే ‘స్’ పలికి మిగతావాళ్లు అచ్చుతో ఆపేస్తే సరిపోతుంది.

రెండోది, ఇంగ్లీషు అలవాటు. ‘టోలిస్’, ‘డేయి’ కాదు, ‘తోల్లిస్’, ‘దేయి’. మనకి త, ద సహజంగానే ఉన్నాయి, వాడుకోండి. గుడి లాటిన్‌లో ‘అగ్నుస్’ అనరు, ‘ఆన్యుస్’ అంటారు. ‘కేలి’ కాదు ‘చేలి’, ‘గ్రాటియా’ కాదు ‘గ్రాత్సియా’, ‘ఎక్సెల్సిస్’ కాదు ‘ఎక్షెల్సిస్’. కీరియే మాత్రం గ్రీకు మాట. ‘ఎ-లే-ఇ-సోన్’ అని నాలుగక్షరాలూ విడిగా వినపడాలి.

కీబోర్డు లేకుండా పాడితే చివరికి శృతి దిగిపోతోంది. (ఎం.వి.పి. కాలనీ)

ఒకే స్వరం మీద ఎక్కువ అక్షరాలు పలికేటప్పుడు ఊపిరి సడలి స్వరం జారుతుంది. ఇంకో చోటు మ నుంచి గ కి దిగడం. అది అర స్వరమే అయినా చాలామంది ఇంకా కిందికి దిగుతారు. తిరిగి ఎక్కేసరికి పాత మ దొరకదు. ఆ రెండు స్వరాలనీ ‘ను’ అనే అక్షరంతో నోరు చిన్నగా తెరిచి పదేసి సార్లు పాడించండి. పైన చెప్పిన కీర్తన 4 శృతిలో (కీబోర్డు మీద F) ఆడవాళ్లకీ మగవాళ్లకీ సుఖంగా ఉంటుంది. దిగిపోతుంటే నాలుగున్నరలో ఎత్తుకోండి.

తలమీది ఫ్యాన్ ఆపండి. విశాఖ ఉక్కలో కష్టమే గానీ, ఆ హోరులో పక్కవాళ్ల గొంతు వినపడక ప్రతివారూ గట్టిగా పాడతారు, శృతి అక్కడే చెడుతుంది. చేతి మైకులు వద్దు. నాలుగైదు అడుగుల దూరంలో స్టాండు మీద ఒక్క మైకు చాలు. ఎకో పూర్తిగా తీసెయ్యండి.

తపస్సుకాలంలో (ఈస్టరుకి ముందు ఉపవాస దినాల్లో) వాద్యాలు వాడొచ్చా? (పాతనగరం)

గానానికి ఆసరాగా మాత్రమే. ఒంటరిగా వాయించకూడదు. తపస్సుకాలపు నాలుగో ఆదివారం, మహోత్సవాలు, పండుగలు దీనికి మినహాయింపు. అల్లెలూయ పాస్కా జాగరణ (ఈస్టరు ముందు రాత్రి పూజ) దాకా ఉండదు.

కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను, క్రైస్తవురాలిని కాను. ఈ గానం వినాలని ఉంది. ఎప్పుడు, ఎలా వినాలి? (సీతమ్మధార)

మీకు సగం దారి తెలిసినట్టే. స్వరస్థానాల వరకూ చూస్తే, మొదట చెప్పిన ఎనిమిది స్వర వరుసల్లో మొదటిది ఖరహరప్రియకి, మూడోది తోడికి, ఐదోది కల్యాణికి, ఏడోది హరికాంభోజికి దగ్గర. ఐదోదానిలో మధ్యమం తరచూ శుద్ధమవుతుంది, అప్పుడు శంకరాభరణం ఛాయ వస్తుంది. కానీ గమకం కోసం చూడకండి, ఉండదు. అందరి గొంతులూ ఒక్క గీతలా కలవాలంటే గమకం లేకుండా ఉండాల్సిందే.

డిసెంబరు 8న, మరియమాత పండుగకి, రాస్‌హిల్ కొండగుడికి వెళ్లాలనిపిస్తుంది. వెళ్లండి, కానీ ఆ జనంలో సన్నటి గానం వినపడదు. పవిత్ర శనివారం రాత్రి పాస్కా జాగరణకి వెళ్లండి. దీపాలన్నీ ఆర్పేసి, పాస్కా క్రొవ్వొత్తి వెలిగించి లోపలికి తెచ్చాక, డీకన్ (గురువుకి సహాయకుడు) గానీ గురువు (ఫాదర్) గానీ ఒంటి గొంతుతో సుదీర్ఘమైన స్తోత్రం పాడతారు. అరగంట ముందే వెళ్లి, స్పీకర్లకి దూరంగా, పీఠానికి దగ్గరగా కూర్చోండి. ఫోనులో రికార్డు చెయ్యకండి. దివ్యసత్ప్రసాదం పంచేటప్పుడు మీ చోటే కూర్చుని ఉండండి, ఎవరూ ఏమీ అనుకోరు.