మేనల్లుడికి: పార్టీలో ఉంటూనే యుద్ధం వద్దనడం గురించి

తిరుపతి

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

అమెరికా సిటిజన్‌షిప్ వచ్చిన కాడి నుంచి ఒకే పార్టీకి ఓటేస్తున్నానని, ఇప్పుడు ఆ పార్టీయే పరాయి దేశంలో యుద్ధానికి డబ్బు కుమ్మరిస్తుంటే 'ఎందుకు?' అన్నందుకు మన ఊరి స్నేహితుడే నిన్ను ద్రోహి అన్నాడని బాధపడ్డావు. ఫోన్లో నేను సరిగా జవాబు చెప్పలేదు. ఒకప్పుడు నేనూ నీ స్నేహితుడి మాదిరి మనిషినే, అందుకని.

1987లో మన సైన్యం శ్రీలంకకు పోయింది. నాలుగు కాళ్ల మండపం దగ్గర టీ అంగట్లో పొద్దున్నే పేపరు పరుచుకుని వాదించుకునేవాళ్లం. మా పార్టీవాడే ఒకడు, 'వాళ్ల గొడవలో మన పిల్లోళ్లు ఎందుకు చావాల?' అన్నాడు. వాడి బావమరిది పట్టాళంలో ఉన్నాడు. నేను గ్లాసు ఠక్కున పెట్టి, 'నువ్వు ఎవరి మనిషివిరా?' అన్నా. అంతే, మాటలు ఆగిపోయినాయి.

ఆ ప్రభవ నామ సంవత్సరం పంచాంగంలో దీపావళి పక్కన 'ఈలోపు మనోళ్లు తిరిగొస్తారు' అని పెన్సిల్‌తో రాసుకున్నా. ఆ దీపావళికి మనోళ్లు జాఫ్నాలో పోరాడుతున్నారు. సైన్యం పూర్తిగా తిరిగొచ్చింది 1990 మార్చిలో. సుమారు 1,200 మంది రానేలేదు. పంచాంగం ఇంకా బీరువాలోనే ఉంది, మీ అత్త పాత పేపర్లోడికి వేస్తానన్నా ఇవ్వలేదు.

నువ్వు చెయ్యాల్సింది కూడా అదే. ఎంత ఖర్చయితే చాలంటారు, ఏం జరిగితే గెలిచినట్టు, ఎప్పటిలోపు? నువ్వూ నీ స్నేహితుడూ తేదీ వేసి రాసి పెట్టుకోండి. తప్పు నీదే అని తేలొచ్చు, దానికీ సిద్ధంగా ఉండు.

రెండోది, ఎదుటి పార్టీవాళ్లు వచ్చి నీ భుజం తడతారు. వాళ్ల మాటలు అరువు తెచ్చుకోవద్దు. మీ దేశంలోనే వాల్టర్ జోన్స్ అని నార్త్ కరోలినా నుంచి రిపబ్లికన్ పార్టీ ఎంపీ ఉండేవాడు. 2002లో ఇరాక్ యుద్ధానికి ఓటేశాడు. ఫ్రాన్స్ ఆ యుద్ధం వద్దందని 2003లో పార్లమెంటు క్యాంటీన్లో ఫ్రెంచ్ ఫ్రైస్ పేరునే 'ఫ్రీడమ్ ఫ్రైస్' అని మార్పించినవాళ్లలో ఒకడు! (ఉర్లగడ్డ ఏం పాపం చేసిందో.) ఆ ఏడే ఒక సైనికుడి అంత్యక్రియలకు పోయొచ్చి, చనిపోయినవాళ్ల ఇళ్లకు ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాడు. 2005 నాటికి సైన్యాన్ని వెనక్కి పిలవమన్నాడు. సొంత పార్టీవాళ్లే కోపగించుకున్నారు, ఎన్నికల్లో పోటీకి దిగారు. 2019లో పోయేదాకా మాత్రం ఆ పార్టీలోనే, ఆ సభలోనే ఉన్నాడు. చనిపోయిన జవాన్ల ఫోటోలు ఆఫీసు బయట పెట్టుకున్నాడు. వాదించడం కన్నా అది గట్టిగా తగిలుంటుంది.

ఇక స్నేహితుడి సంగతి. నా మాదిరి మూడేళ్లు పోగొట్టుకోవద్దు. టీ అంగట్లో నేను మాట అన్నవాడి బావమరిది బతికి తిరిగొచ్చినప్పుడు కూడా నేను పలకరించడానికి పోలేదు, మొహం చెల్లక. ఆ ఏడు గంగమ్మ జాతరలో ఒంటినిండా గంధం పూసుకున్న మనిషి నన్ను పట్టుకుని అమ్మనాబూతులు తిట్టాడు. ఆ టీ అంగడివాడే! జాతరలో తిడితే తప్పు లేదుగదా. కడుపునిండా తిట్టి, 'పద, టీ తాగుదాం' అన్నాడు.

మీ ఊళ్లో జాతర లేదు. ఈ ఆదివారం నువ్వే ఫోన్ చెయ్యి.

మామ