డీఫిబ్రిలేటరు సంరక్షణ గురించి పెదనాన్న లేఖ

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

మీ నివాస సంఘం వారు అందరి అవసరానికీ పనికివచ్చేలా ఒక డీఫిబ్రిలేటరును, అంటే గుండె హఠాత్తుగా ఆగినవారికి విద్యుత్ షాక్ ఇచ్చే యంత్రాన్ని, గోడకు అమర్చారనీ, దాని బాగోగులు చూసే బాధ్యత నీకు అప్పగించారనీ తెలిసి ఎంతో సంతోషించాను. ఇటువంటి యంత్రం బాధ్యత చాలా కాలం చూసినవాడిగా నాకు తెలిసిన విషయాలు నీకు చెప్పాలనిపించింది. రోగి గుండె లయను పరిశీలించడం, షాక్ అవసరమో కాదో నిర్ణయించడం, ఏం చేయాలో నోటిమాటగా చెప్పడం ఇవన్నీ ఆ యంత్రమే చేసుకుంటుంది. అది ఎక్కడ ఉందో అంబులెన్సు పంపే వారికి తెలిసి ఉండేలా చూడటం, ఎవరు ఏ వేళ తీసినా అది సిద్ధంగా ఉండేలా చూడటం మాత్రం మనిషి చేయవలసిన పనులు, అంటే ఇకపై నీవి.

గుండె హఠాత్తుగా ఆగిపోయినప్పుడు చాలాసార్లు జరిగేది ఏమిటంటే, గుండె కింది గదులు లయ తప్పి వణకడం మొదలుపెడతాయి, మెదడుకు రక్తం అందదు. షాక్ ఆ అస్తవ్యస్తమైన విద్యుత్ సంకేతాలను ఒక్కసారిగా అణచి, గుండె తన సహజ లయను తిరిగి అందుకునే అవకాశం కల్పిస్తుంది. ఛాతీ నొక్కడం గానీ షాక్ గానీ లేకుండా గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం సుమారు 7 నుంచి 10 శాతం తగ్గుతుంది. అమెరికాలోని కాసినోలలో కాపలా సిబ్బందికి ఈ యంత్రాలు ఇచ్చి చేసిన ఒక అధ్యయనం 2000లో ప్రచురితమైంది. ఈ రకం వణుకుతో అందరి కళ్లెదుటే కుప్పకూలిన వారిలో, 3 నిమిషాల లోపు షాక్ అందినవారు 74 శాతం మంది బతికి ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్లగా, అంతకన్నా ఆలస్యమైనవారిలో 49 శాతం మందే బతికారు. ఆ షాక్ ఇచ్చినవారు వైద్యులు కారు, కాపలా ఉద్యోగులు. 1965లో బెల్‌ఫాస్ట్‌లో ఫ్రాంక్ పాంట్రిడ్జ్ అనే గుండె వైద్యుడు అంబులెన్సులో పెట్టిన తొలి సంచార డీఫిబ్రిలేటరు దాదాపు 70 కిలోల బరువుండేది. ఇప్పుడది ఒంటి చేత్తో పట్టుకుని పరుగెత్తగలిగేంత చిన్నదై గోడ మీదికి వచ్చిందంటే, అదంతా ఆ రెండు మూడు నిమిషాల కోసమే.

ఇక నమోదు విషయానికి వస్తాను. ఎక్కువ మంది అశ్రద్ధ చేసేది దీన్నే. తమ ఎదుట మనిషి పడిపోవడం చూసినవారు కంగారులో అత్యవసర నంబరుకు ఫోన్ చేస్తారే గానీ, దగ్గరలో డీఫిబ్రిలేటరు ఎక్కడుందని ఆలోచించే స్థితిలో ఉండరు. ఆ ఫోన్ తీసినవారి తెర మీద మీ యంత్రం కనిపిస్తే, ‘ఒకరు ఛాతీ నొక్కుతూ ఉండండి, ఇంకొకరు ఫలానా గోడ దగ్గరికి పరుగెత్తండి’ అని వారే చెబుతారు. కనిపించకపోతే, పక్క వీధిలోనే యంత్రం ఉన్నా ఆ రోగికి అది లేనట్టే. అందుకని మీ ప్రాంతంలో అంబులెన్సులను పంపే కేంద్రం ఇటువంటి యంత్రాల జాబితా నిర్వహిస్తుందో లేదో ముందుగా కనుక్కో. బ్రిటన్‌లో ‘ది సర్క్యూట్’ అనే జాతీయ జాబితా నేరుగా అంబులెన్సు సేవలకు అనుసంధానమై ఉంటుంది. ప్రతి యంత్రానికీ ఒక సంరక్షకుడు ఉంటాడు, అది సిద్ధంగా ఉందో లేదో తెలియజేస్తూ ఉండటం ఆయన పని. అటువంటి ఏర్పాటు లేనిచోట అంబులెన్సు కేంద్రానికీ, అగ్నిమాపక కేంద్రానికీ, సమీప ఆసుపత్రి అత్యవసర విభాగానికీ లిఖితపూర్వకంగా తెలియజేయి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ అనే, అందరూ కలిసి తయారుచేసే ఆన్‌లైన్ పటంలో డీఫిబ్రిలేటర్లను గుర్తించే వీలుంది గనుక అక్కడా చేర్చు. అయితే పటంలో పెట్టామన్న తృప్తితో అంబులెన్సు కేంద్రానికి చెప్పడం మానుకోవద్దు. తయారీ సంస్థ దగ్గర కూడా యంత్రం క్రమసంఖ్యను నమోదు చేయించు. ఎప్పుడైనా ఆ నమూనాలో లోపం బయటపడి వెనక్కి పిలిపించవలసి వస్తే, వారు నీకు కబురు పంపగలగాలి.

నమోదు పత్రంలో అన్నిటికన్నా శ్రద్ధగా రాయవలసింది యంత్రం ఉన్న చోటు. భవనం చిరునామా రాసి ఊరుకుంటే చాలదు. ఏ ద్వారం పక్కన, ఏ వైపు గోడకు, లోపలా బయటా, ఎన్నో అంతస్తులో, రాత్రివేళ గేటు వేస్తారా, వేస్తే తాళం ఎవరి దగ్గర ఉంటుంది, ఇవన్నీ అందులో ఉండాలి. అక్షాంశ రేఖాంశాలు అడిగితే పెట్టె ఎదుట నిలబడి తీసుకో. భవనం మధ్యభాగాన్ని గుర్తించి పంపితే వెతికేవారు తప్పు ద్వారం దగ్గర ఆగిపోతారు. రాయడం పూర్తయ్యాక, ఆ చోటికి ఎన్నడూ రాని ఒకరిని పిలిచి, నీ వాక్యాలు మాత్రమే ఫోన్‌లో చదివి వినిపించి పెట్టె దగ్గరికి చేరమని అడుగు. వారు ఎక్కడ తడబడ్డారో అక్కడ నీ వర్ణన సరిచేసుకో. తెలిసిన చోటును తెలియనివారికి చెప్పడం ఎంత కష్టమో ఈ పరీక్ష పెడితేనే అర్థమవుతుంది.

అందుబాటు వేళల విషయంలో అబద్ధానికి తావివ్వకు. రాత్రి తాళం పడే కార్యాలయంలో ఉన్న యంత్రాన్ని 24 గంటలూ అందుతుందని రాస్తే, అర్ధరాత్రి ఒకరు దాని కోసం పరుగెత్తి, మూసిన తలుపు చూసి వట్టి చేతులతో వెనక్కి వస్తారు. ఆ మనిషి అక్కడే ఉండి ఉంటే ఛాతీ నొక్కడంలో అలసిపోయినవారి చోటు తీసుకునేవాడు. అందుచేత వీలైతే యంత్రాన్ని వెలుతురున్న బయటి గోడకే పెట్టించు. పెట్టెకు తాళం వేయాలా వద్దా అని మీ సంఘంలో వాదన రాక మానదు. నా అభిప్రాయం స్పష్టంగా చెబుతున్నాను, వేయవద్దు. బ్రిటన్‌లోని రిససిటేషన్ కౌన్సిల్ (గుండె ఆగినవారిని బతికించే పద్ధతులపై మార్గదర్శకాలు ఇచ్చే సంస్థ) కూడా తాళం లేని పెట్టెలనే సిఫార్సు చేస్తుంది. దొంగతనం భయం ఉంటే తలుపు తెరవగానే మోగే గంట అమర్చుకోవచ్చు. సంకేత సంఖ్యతో తెరుచుకునే తాళమే పెట్టాలని అందరూ పట్టుబడితే, ఆ సంఖ్య జాబితాలో సరిగ్గా ఉందో లేదో చూడటం, మార్చిన ప్రతిసారీ అదే రోజు తెలియజేయడం నీ బాధ్యత అవుతుంది. పెట్టె మీద ఆకుపచ్చ నేపథ్యం మీద తెల్లని గుండె, దాని నడుమ మెరుపు ఉన్న అంతర్జాతీయ గుర్తు దూరానికే కనిపించాలి.

యంత్రాన్ని చూసుకోవడం నిజానికి పెద్ద శ్రమ కాదు, కానీ క్రమం తప్పకూడదు. వారానికి ఒకసారైనా వెళ్లి దాని సూచికను చూడు. తనను తాను పరీక్షించుకునే ఏర్పాటు ఈ యంత్రాలకు ఉంటుంది. అంతా బాగుంటే ఆకుపచ్చ గుర్తో, మెరిసే దీపమో కనిపిస్తుంది, లేకపోతే ఎర్ర గుర్తు గానీ కీచుమనే శబ్దం గానీ వస్తుంది. ఏది దేనికి సంకేతమో నమూనాను బట్టి మారుతుంది గనుక, మీ యంత్రం కరదీపికలోని ఆ పేజీని ప్రతి తీసి దగ్గర ఉంచుకో. పనిచేస్తోందో లేదోనని మాటిమాటికీ మీట నొక్కి చూడవద్దు, బ్యాటరీ వృథాగా ఖర్చవుతుంది. ఆకుపచ్చ దీపాన్ని చూసి నిశ్చింతగా ఉండటమూ మంచిది కాదు, ఎందుకంటే ఛాతీకి అంటించే ప్యాడ్ల గడువు తీరిన సంగతిని కొన్ని నమూనాలు కనిపెట్టలేవు.

ఆ ప్యాడ్ల మీద నీ దృష్టి ఎప్పుడూ ఉండాలి. చర్మానికి అంటుకుని విద్యుత్తును లోపలికి పంపే జిగురు పదార్థం వాటికి ఉంటుంది, కాలం గడిచేకొద్దీ అది ఎండిపోతుంది. ఎండిన ప్యాడ్ సరిగా అంటుకోదు, షాక్ సరిగా చేరదు. ప్యాకెట్ మీద గడువు తేదీ అచ్చువేసి ఉంటుంది. సాధారణంగా అది తయారైన 2 నుంచి 5 సంవత్సరాలలో ఉంటుంది. లోపల ఎలా ఉన్నాయో చూద్దామని ప్యాకెట్ ఎన్నడూ విప్పకు, విప్పిన క్షణం నుంచే అవి ఎండడం మొదలుపెడతాయి. గడువుకు కొన్ని నెలల ముందే కొత్తవి తెప్పించు. బ్యాటరీ కూడా కొన్ని సంవత్సరాలే వస్తుంది, అమర్చిన తేదీని దాని మీదే రాసిపెట్టు. ఈ తేదీలన్నిటినీ జాబితాలోనూ నమోదు చేస్తే కొన్ని వ్యవస్థలు ముందుగా గుర్తుచేస్తాయి. అయినా నీ సొంత క్యాలెండరులో రాసుకోవడం మానవద్దు.

చాలా నమూనాలు 0 నుంచి 50 డిగ్రీల సెల్సియస్ మధ్య పనిచేసేలా తయారవుతాయి. ఎండ నేరుగా పడే ఇనుప పెట్టెలో వేడి బయటికన్నా ఎంతో పెరిగి, ప్యాడ్ల జిగురునూ బ్యాటరీనీ పాడుచేస్తుంది గనుక నీడ పడే గోడ ఎంచుకోవాలి. గడ్డకట్టే చలి ఉన్నచోట లోపల వెచ్చదనం ఇచ్చే పెట్టె కావాలి, దానికి కరెంటు అందుతోందో లేదో కూడా నీ తనిఖీలో భాగం చేసుకో. యంత్రంతో పాటు ఒక చిన్న సంచిలో బట్టలు కత్తిరించే గట్టి కత్తెర, ఛాతీ వెంట్రుకలు తీయడానికి రేజరు, తడి తుడిచే తువాలు, చేతి తొడుగులు, ఊపిరి ఊదేందుకు మాస్కు ఉండాలి. 8 సంవత్సరాల లోపు పిల్లలకు ప్రత్యేక ప్యాడ్లో, మీటో ఉందేమో చూసుకో. అవి లేనప్పుడు పెద్దల ప్యాడ్లనే ఒకటి ఛాతీ మీద, ఒకటి వీపు మీద అంటించవచ్చని మీ వాళ్లందరికీ తెలియజేయి.

యంత్రం ఎప్పుడైనా ఉపయోగపడితే, తిరిగి వచ్చిన వెంటనే గోడకు తగిలించేయకు. ముందు జాబితాలో అది ప్రస్తుతం అందుబాటులో లేదని మార్చు. గుండె లయ వివరాలను అది తన జ్ఞాపకంలో దాచుకుంటుంది, వైద్యులకు అవి అవసరం కావచ్చు గనుక వారిని అడగకుండా చెరిపివేయవద్దు. ప్యాడ్లు ఒక్కసారికే పనికివస్తాయి, కొత్తవి పెట్టాలి. సంచిలో వాడినవి భర్తీ చేసి, తయారీదారు చెప్పిన పద్ధతిలో యంత్రాన్ని శుభ్రం చేసి, సూచిక సరిగ్గా ఉందని నిర్ధారించుకున్నాకే తిరిగి ‘సిద్ధం’ అని నమోదు చేయి. మరమ్మతుకు పంపినప్పుడూ ఇదే పద్ధతి.

ఆ రోజు యంత్రాన్ని వాడిన మనిషిని కూడా నువ్వు వెళ్లి పలకరించాలని నా కోరిక. రోగి బతికినా బతకకపోయినా, ఒక మనిషి ఛాతీని తన చేతులతో నొక్కినవారికి అది చాలా రోజులు మనసును వదలదు. వారు చేసింది సరైన పనేనని చెప్పడానికి, అవసరమైతే వైద్యుల సహాయం ఇప్పించడానికి ఎవరో ఒకరు ఉండాలి. ఇది ఏ నమోదు పత్రంలోనూ రాసి ఉండదు.

యంత్రాన్ని ఎవరైనా వాడవచ్చనీ, అవసరం లేని గుండెకు అది షాక్ ఇవ్వదనీ మీ వాళ్లకు పదే పదే చెబుతూ ఉండు. స్పృహ లేక, ఊపిరి ఆగినా, ఆగి ఆగి ఎగశ్వాసలా వస్తున్నా వెంటనే ఫోన్ చేయాలనీ, యంత్రం వచ్చేదాకా ఛాతీ మధ్యభాగాన్ని 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 సార్ల చొప్పున నొక్కుతూ ఉండాలనీ నేర్పించు. ఏడాదికొకసారైనా శిక్షణ ఏర్పాటు చేయగలిగితే మరీ మంచిది.

ఈ పని నువ్వొక్కదానివే మోయవద్దు. నీతో పాటు ఇంకొకరి పేరు, ఫోన్ నంబరు కూడా జాబితాలో ఇవ్వు. నువ్వు ఊరు మారినా, బాధ్యత వేరొకరికి అప్పగించినా ఆ వివరాలు అదే రోజు మార్పించు. ఈ వారంలోనే వీలు చూసుకుని పెట్టె తెరిచి, ప్యాడ్ల ప్యాకెట్ మీది తేదీ, బ్యాటరీ తేదీ, క్రమసంఖ్య మూడూ రాసుకో. నమోదు పత్రం ఆ తర్వాతే నింపు. నింపినది పంపే ముందు నాకొక ప్రతి పంపితే చూసి చెబుతాను.

ఆశీస్సులతో,
పెదనాన్న